ఆరు సిప్‌లు, పన్నెండు బౌన్స్‌లు: కొత్తగా మదుపు మొదలుపెట్టిన ఒక ఉద్యోగి కేసు

పద్నాలుగు నెలల్లో మార్కెట్ వల్ల ఈ ఉద్యోగికి పోయింది రూ. 6,700. సిప్‌లు (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే వాయిదాలు) ఖాతాలో డబ్బు చాలక బౌన్స్ అయినందుకు బ్యాంకు కోసుకున్నది రూ. 7,080. మదుపు సలహాదారులమైన మా దగ్గరకు ఆయన వచ్చింది మాత్రం మొదటి అంకె గురించి అడగడానికి. రెండోది ఒకటుందని ఆయనకు తెలియదు. మేమూ ఆరోజు చూడలేదు. ఈ కేసు రాసి పెట్టడానికి ఆ చూడకపోవడమే కారణం.

మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాం. ఉద్యోగం, ఊరు, ఫండ్‌ల పేర్లు, బీమా సంస్థ పేరు ఇందులో ఉండవు.

నేపథ్యం

వయసు 32. ప్రైవేటు ఉద్యోగం. భార్య ఉద్యోగం చేయడం లేదు, ఐదేళ్ల పాప ఉంది. ఊళ్లో అమ్మానాన్నలకు నెలనెలా డబ్బు పంపుతారు. స్థూల జీతం నెలకు 60,000. పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోగా చేతికి 58,000 వస్తుంది. ఏటా దసరా, దీపావళి మధ్య 40,000 దాకా బోనస్.

2024 జనవరిలో ఒక యాప్‌లో ఖాతా తెరిచి, ఒకే రోజు ఆరు సిప్‌లు పెట్టారు. రెండు స్మాల్ క్యాప్ (చిన్న కంపెనీల) ఫండ్లకు చెరో 2,000, ఒక సెక్టార్ (ఒకే రంగం) ఫండ్‌కు 2,000, ఒక థీమాటిక్ (ఒకే ఇతివృత్తం) ఫండ్‌కు, ఒక ఫ్లెక్సీ క్యాప్‌కు (అన్ని సైజుల కంపెనీల ఫండ్), ఒక ఈఎల్ఎస్ఎస్‌కు (పన్ను ఆదా ఫండ్) తలా 1,000. మొత్తం 9,000. ఎంపిక ఎలా జరిగిందో అడిగితే దాపరికం లేకుండా చెప్పారు: గత ఏడాది రాబడి ప్రకారం వరస పెట్టి పైనుంచి తీసుకున్నారు. కొత్తవాళ్లలో చాలామంది చేసేది ఇదే. ఆ జాబితాలో పైన ఉండేవి అప్పటికే బాగా పెరిగిపోయిన రంగాలన్న సంగతి తర్వాత తెలుస్తుంది.

వచ్చిన సమస్య

2025 మార్చి మొదటి వారంలో వచ్చారు. అడిగింది ఒక్క మాట: “సార్, అన్నీ మైనస్‌లో ఉన్నాయి, ఏ ఫండ్‌కి మారితే మంచిది?”

పెట్టింది 1,08,000, విలువ 1,01,300. నిఫ్టీ (50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ) 2024 సెప్టెంబరు చివర్లో 26,200 దాటి, 2025 ఫిబ్రవరి చివరికి 22,100 దగ్గరకు దిగింది. చిన్న కంపెనీలు అంతకంటే ఎక్కువ పడ్డాయి. అంటే ఈ నష్టంలో వింతేమీ లేదు. పద్నాలుగు నెలలకు 9,000 చొప్పున 1,26,000 ఉండాల్సిన చోట 1,08,000 మాత్రమే ఉండటం వింత. జనవరి, ఫిబ్రవరి వాయిదాలు వెళ్లలేదు. “ఆ రెండు నెలలు బ్యాలెన్స్ కొంచెం తక్కువైంది” అన్నారు. మేం తలూపి ముందుకు పోయాం.

పోర్ట్‌ఫోలియోలో లోపాలు కొట్టొచ్చినట్టు కనిపించాయి. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2017లో చేసిన వర్గీకరణ ప్రకారం మార్కెట్ విలువలో మొదటి 100 కంపెనీలు లార్జ్ క్యాప్, 101 నుంచి 250 వరకు మిడ్, 251 నుంచి కిందవన్నీ స్మాల్. రెండు స్మాల్ క్యాప్ ఫండ్లంటే ఆ కింది గంపలోనే రెండు చేతులూ పెట్టడం. థీమాటిక్ ఫండ్‌లో ఐడీసీడబ్ల్యూ ఆప్షన్ (అప్పుడప్పుడు కొంత డబ్బు చేతికి పంచే పద్ధతి) ఎంచుకున్నారు, “డివిడెండ్ అదనంగా వస్తుంది కదా” అని. అది అదనం కాదు. పంచిన మేరకు ఎన్ఏవీ (ఒక్కో యూనిట్ విలువ) తగ్గుతుంది, పైగా చేతికొచ్చిన మొత్తం ఆదాయం కింద లెక్కకు వస్తుంది.

ఈఎల్ఎస్ఎస్ సంగతి మరీ విచిత్రం. ఆయన కొత్త పన్ను విధానంలో ఉన్నారు, అందులో 80సీ మినహాయింపే (ఇలాంటి మదుపును పన్ను ఆదాయంలోంచి తీసేసే వీలు) లేదు. ఏడాది జీతం 7,20,000, బోనస్ 40,000 కలిపి 7,60,000లో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీస్తే 6,85,000. ఆ ఏడాది 7 లక్షల దాకా రిబేటుతో పన్ను సున్నా. పన్నే పడని మనిషి పన్ను ఆదా చేసే ఫండ్ కొని, ప్రతి వాయిదాకూ విడివిడిగా మూడేళ్ల తాళం వేసుకున్నారు. 2024 డిసెంబరులో కట్టిన 1,000 రూపాయలు 2027 డిసెంబరు దాకా బయటికి రావు.

ఇన్ని లోపాలు కళ్లముందు ఉండేసరికి మా దృష్టంతా ఫండ్ల మీదికే పోయింది. అక్కడే దారి తప్పాం.

మొదటి ప్రయత్నం

మా ఫారంలో నెల ఖర్చుల గడులు నింపించాం. అద్దె 14,000. ఇంటి ఖర్చు, పెట్రోలు, కరెంటు, ఫోన్లు కలిపి 17,500. అమ్మానాన్నలకు 5,000. పర్సనల్ లోన్ వాయిదా 10,400 (15 శాతం వడ్డీకి తీసుకున్న 3 లక్షలు, 36 నెలలు, ఇంకా 22 వాయిదాలు బాకీ). లక్ష రూపాయల చీటీకి 5,000. మొత్తం 51,900. మిగులు 6,100.

దీని ప్రకారం ఆరు సిప్‌లూ ఆపించి, ఒక నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో (ఆ సూచీలోని షేర్లనే కొనే ఫండ్) డైరెక్ట్ ప్లాన్ (ఏజెంటు కమీషన్ లేనిది), గ్రోత్ ఆప్షన్‌తో (లాభం పంచకుండా ఫండ్‌లోనే ఉంచేది) నెలకు 6,000 పెట్టించాం. పాత యూనిట్లు అలాగే ఉంచాం. అత్యవసర నిధి “వీలైనప్పుడల్లా” పోగుచేయమన్నాం. ఇప్పుడు చదివితే ఆ “వీలైనప్పుడల్లా” అన్న మాట సిగ్గుగానే ఉంది. 6,100 మిగిలే చోట 6,000 సిప్‌కు పోతే ఇక వీలయ్యేదెప్పుడు?

ఇండెక్స్ ఫండ్ ఎంపిక మాత్రం ఇప్పటికీ సరైనదే అనుకుంటున్నాం. మంచి ఫండ్ మేనేజరు ఎవరో ముందే కనిపెట్టే పని కొత్తవాళ్ల నెత్తిన పెట్టకూడదు. డైరెక్ట్ ప్లాన్లో ఇలాంటి ఫండ్ల ఖర్చు సాధారణంగా 0.1 నుంచి 0.3 శాతం మధ్య ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, పడినప్పుడు ఎందుకు పడిందో ఒక్క ముక్కలో చెప్పొచ్చు: మార్కెట్ పడింది, ఇదీ పడింది. సెక్టార్ ఫండ్ పడితే ఆ రంగంలో ఏదైనా పాడైందా, మేనేజరు తప్పు చేశాడా, ఇంకా ఉండాలా వద్దా అని నాలుగు ప్రశ్నలు లేస్తాయి.

ఎక్కడ తెగింది

ఏప్రిల్, మే, జూన్ వాయిదాలు సాఫీగా వెళ్లాయి. జూన్ రెండో వారంలో మూడు వాయిదాల యూనిట్లూ అమ్మేశారు. స్కూలు ఫీజు మొదటి విడత 22,000 కట్టాలట. అమ్మినప్పుడు నష్టమేమీ రాలేదు, నాలుగు రూపాయలు లాభమే వచ్చింది. కాబట్టి ఆయన దృష్టిలో అది పొరపాటు కాదు, “అవసరానికి పనికొచ్చింది సార్”. మా దృష్టిలో ప్రణాళిక చచ్చిపోయింది. మూణ్నెల్లకే ఈక్విటీ (షేర్ల మదుపు) అమ్మాల్సొచ్చిందంటే అది మదుపు కాదు, రిస్కున్న చోట దాచుకున్న ఫీజు డబ్బు. ఈసారి మార్కెట్ కలిసొచ్చింది. 2020లో లాంటి మార్చి నెల మధ్యలో వచ్చి ఉంటే ఆ 18,000 ఎంతయ్యేదో చెప్పక్కర్లేదు.

అప్పుడు చేశాం మొదటే చేయాల్సిన పని. గత పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ఉన్న కార్డులన్నిటి స్టేట్‌మెంట్లు తెప్పించి ప్రింటు తీశాం. ప్రతి డెబిట్ వరసకూ ఒక గుర్తు: ప్రతి నెలా వచ్చేది నీలం, ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చేది ఎరుపు, ఛార్జీలూ వడ్డీలూ ఆకుపచ్చ. రెండు గంటల పని. ఎరుపు, ఆకుపచ్చ గీతలే కేసు మొత్తం చెప్పాయి.

ఎరుపులో: స్కూలు ఫీజు రెండు విడతలు, జూన్‌లో, నవంబరులో 22,000 చొప్పున. మార్చిలో బీమా ప్రీమియం 36,000. సంక్రాంతికి ఊరి ప్రయాణం, బట్టలు 15,000. ఫిబ్రవరిలో బండి ఇన్సూరెన్సు, సర్వీసింగు 6,000. కలిపి 1,01,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 8,417. ఫారంలో కనిపించిన మిగులు 6,100. అంటే ఏడాదికోసారి వచ్చే బోనస్ పక్కన పెడితే, సిప్ పెట్టకముందే నెలకు 2,317 లోటు. ఈ మనిషి దగ్గర నెల జీతంలోంచి మదుపు చేయడానికి డబ్బే లేదు. మేం మాత్రం ఏ ఫండ్ అని చర్చించాం.

ఇంత పెద్ద మొత్తం మాకు ఎలా కనపడలేదు? ప్రీమియం మా ఫారంలోనే ఉంది, కాకపోతే రెండో పేజీలో, ‘ఆస్తులు, బీమా’ కింద. ఖర్చుల గడుల్లో లేదు. స్కూలు ఫీజుకు అసలు గడే లేదు, ‘నెల ఖర్చులు’ అని అడిగితే ఆయన నెల ఖర్చులే చెప్పారు.

ఆకుపచ్చలో: సిప్ తేదీ 10. జీతం ఒకటో తారీఖుకల్లా పడుతుంది, ఐదో తారీఖున అద్దె, లోన్ వాయిదా, పదిన చీటీ, ఆరు సిప్‌లు. సంక్రాంతి నెలలో పదో తారీఖుకు బ్యాలెన్స్ అడుగంటింది. ఆరు సిప్‌లు అంటే ఆరు విడి డెబిట్లు. ఒకటి బౌన్స్ అయితే రూ. 500, దానిపై 18 శాతం జీఎస్టీ, 590. ఆరుకీ కలిపి 3,540. ఆ ఛార్జీ ఫిబ్రవరి జీతంలోంచి కోసుకున్నారు, దాంతో ఫిబ్రవరిలోనూ బ్యాలెన్స్ చాలలేదు, మళ్లీ ఆరు బౌన్స్‌లు. బౌన్సే బౌన్సును పుట్టించింది. సిప్ తప్పితే ఫండ్ సంస్థ జరిమానా వేయదు కాబట్టి యాప్‌లో ఈ ఖర్చు ఎక్కడా కనపడదు. బ్యాంకు స్టేట్‌మెంటులో ఏదో పొట్టి అక్షరాల కోడ్‌తో కనపడుతుంది.

ఇక కార్డు. మార్చిలో అప్పులేమున్నాయి అని అడిగాం, పర్సనల్ లోన్ చెప్పారు. ఇప్పుడు అడిగితే, “అది అప్పు కాదు కదా సార్, కార్డే కదా.” మార్చిలోనే దాని మీద 64,000 బాకీ ఉంది. కట్టేదీ గీకేదీ ఇంచుమించు సమానం కావడంతో పాత బాకీ అలాగే కూర్చుని వడ్డీ పెడుతోంది. మార్చి చివర్లో బీమా ప్రీమియం 36,000 కూడా కార్డు మీదే కట్టారు. మేం సిప్ తగ్గించి మంచి పని చేశామనుకుంటున్న వారంలోనే. జూలై నాటికి బాకీ 1,08,000. నెలకు 3.5 శాతం, అంటే 3,780, జీఎస్టీతో దాదాపు 4,460. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటేనే వెనకాడే కుటుంబం వాళ్లది. కార్డు వడ్డీ నూటికి మూడున్నర అని ఆ భాషలో చెప్పాకే ఆయనకు తగిలింది. ఏడాదికి 42 శాతం అన్నప్పుడు అంతగా తగల్లేదు.

రెండో ప్రయత్నం: నిర్ణయాలు

జూలైలో సిప్ పూర్తిగా పక్కన పెట్టి, ఉన్న ఆస్తుల్లోంచి కార్డు తీర్చగలమా అని చూశాం. చేతిలో ఉన్నవి చీటీ, బీమా పాలసీ, పాత ఫండ్లు.

చీటీ. రిజిస్టరు అయిన కంపెనీ చీటీ, లక్ష రూపాయలు, 20 నెలలు, ఆయన ఇంకా ఎత్తలేదు. జూలైది 15వ నెల. చివరిదాకా ఆగితే కంపెనీ కమీషన్ 5,000 పోగా 95,000 వస్తుంది. ఇప్పుడు పాడితే 9,000 తగ్గింపుతో 91,000. ఐదు నెలలు ముందు తీసుకోవడానికి పడే ఖర్చు 4,000, అంటే ఏడాది లెక్కన సుమారు పదిన్నర శాతం. 42 శాతం బాకీ ముందు ఇది చవక. పాడమన్నాం. ఇక్కడ ఒక ఆచరణ చిక్కు ఉంది, ముందే చెప్పలేకపోయాం: పాట దక్కినా డబ్బు వెంటనే రాదు. మిగిలిన ఐదు వాయిదాలకు జామీను కావాలి. ఇద్దరు జీతగాళ్లు, వాళ్ల జీతం స్లిప్పులు, సంతకాలు. ఆయన ఆ ఇద్దర్నీ వెతికేసరికి మూడు వారాలు పట్టింది. ఆ ఆలస్యానికి పడ్డ కార్డు వడ్డీ ఆ నెల జీతంలోంచి కట్టారు. జామీనుదారులను సిద్ధం చేసుకున్నాకే పాటకు వెళ్లాలి.

బీమా పాలసీ. ఎక్కువ సమయం తీసుకున్నది ఇదే. ఎండోమెంట్ (బీమా, పొదుపు కలిపిన పాలసీ), 20 ఏళ్లు, ఏటా 36,000, హామీ మొత్తం 6.5 లక్షలు. నాలుగు ప్రీమియంలు కట్టారు, 1,44,000. కంపెనీ రాతపూర్వకంగా ఇచ్చిన సరెండర్ విలువ (పాలసీని మధ్యలో వదిలేస్తే చేతికొచ్చేది) 78,000. “66 వేలు వదులుకోమంటారా?” అన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే, కానీ ఆ 66 వేలు ఇప్పుడు పోయేవి కాదు, పోయి చాలా కాలమైంది. ఇకనుంచి ఏ దారిలో ఏమొస్తుందన్నదే లెక్క.

మూడు దారులు పక్కపక్కన వేశాం. బోనస్‌లు ఇప్పటి రేటుకే చివరిదాకా వస్తాయనుకుంటే మెచ్యూరిటీకి దాదాపు 11.96 లక్షలు. మొదటి ప్రీమియం నుంచి లెక్కిస్తే రాబడి ఏటా 4.6 శాతం. కానీ ఈరోజు నుంచి చూడాలి: 78,000 తీసుకోకుండా వదిలి, ఇంకా 16 ప్రీమియంలు కడితే 11.96 లక్షలు, అంటే 6.1 శాతం. పెయిడప్ చేస్తే, అంటే ఇక కట్టకుండా అలాగే వదిలేస్తే, హామీ మొత్తంలో ఇరవైలో నాలుగు వంతులు 1,30,000, జమైన బోనస్ 1,09,200, కలిపి 2,39,200 మెచ్యూరిటీకి వస్తుంది. 78,000 మీద అది 7 శాతానికి కాస్త తక్కువ.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. ‘ఎండోమెంట్ చెత్త, సరెండర్ చేసేయ్’ అని గుడ్డిగా చెప్పే సలహాతో మేం ఏకీభవించం. నాలుగేళ్లు కట్టాక, ముందుచూపు లెక్కలో, పెయిడప్ పాలసీ ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు ఏమీ తీసిపోదు. ఆయనకు కార్డు బాకీ లేకపోతే పెయిడప్ చేయించేవాళ్లం. 42 శాతం బాకీ ఉంది కాబట్టి సరెండర్. పాలసీ మీద లోన్ తీసుకోవచ్చు కదా అని ఆయనే అడిగారు. తెలివైన ప్రశ్న. ఆయనకు చెప్పిన వడ్డీ తొమ్మిదిన్నర శాతం పైమాటే. 7 శాతం ఇచ్చే ఆస్తిని కాపాడటానికి తొమ్మిదిన్నరకు అప్పు చేయడమవుతుంది.

ఒక్క షరతు పెట్టాం: టర్మ్ పాలసీ (పొదుపు లేకుండా, మనిషి పోతేనే కుటుంబానికి డబ్బిచ్చే బీమా) చేతికి రాకుండా సరెండర్ కాగితం మీద సంతకం వద్దు. ఆరున్నర లక్షల హామీ ఆ కుటుంబానికి ఏ మూలకూ చాలదు, అయినా అది సున్నా కంటే మేలు. భార్యకు, పాపకు నెలకు 30,000 చొప్పున ఇరవై ఏళ్లు అనుకుని 75 లక్షల టర్మ్ తీసుకున్నారు, ఏటా 10,600. వైద్య పరీక్షలు అయి, పాలసీ పత్రం వచ్చాక పాతది వదిలారు.

పాత ఫండ్లు. సెక్టార్, థీమాటిక్ రెండూ అమ్మి 33,400 తెచ్చుకున్నారు (పెట్టింది 36,000). చివరి ఐదు వాయిదాల యూనిట్లకు ఏడాది నిండలేదు, వాటిపై 1 శాతం ఎగ్జిట్ లోడ్ (తొందరగా అమ్మితే ఫండ్ కోసుకునే రుసుము) నూటయాభై లోపే. నష్టం చిన్నదే అయినా ఆదాయపు పన్ను రిటర్నులో, గడువులోపల చూపించమన్నాం. అలా చూపితేనే ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లి, తర్వాతి లాభాల్లో తగ్గించుకోవడం కుదురుతుంది. స్మాల్ క్యాప్, ఫ్లెక్సీ అలాగే ఉన్నాయి, కొత్త డబ్బు పెట్టడం లేదు.

లెక్క తేలిన తీరు: చీటీ 91,000, సరెండర్ 78,000, కలిపి 1,69,000. కార్డుకు 1,08,000, టర్మ్ ప్రీమియం 10,600 పోగా 50,400. అందులో 10,000 ఒక కొత్త సేవింగ్స్ ఖాతాకు, మిగిలిన 40,400, ఫండ్లు అమ్మిన 33,400 లిక్విడ్ ఫండ్‌కు (తక్కువ రిస్కుతో, త్వరగా వెనక్కి తీసుకోగల ఫండ్). పర్సనల్ లోన్‌లో కొంత ముందే కట్టేద్దామా అన్న ఆలోచన వచ్చింది. వద్దన్నాం. కొంత కట్టినా 10,400 వాయిదా మామూలుగా తగ్గదు, కాలం తగ్గుతుంది. ఈయనకు కొరత నెలనెలా చేతిలో డబ్బు ఆడకపోవడం. చేతిలో నిల్వ లేకుండా 15 శాతం అప్పు తీరిస్తే, తర్వాతి అవసరానికి 42 శాతం కార్డే దిక్కు.

కార్డు రద్దు చేయించలేదు. పరిమితి 20,000కు తగ్గించి, పూర్తి బిల్లు ఆటోపే పెట్టించాం.

ఏడాది ఖర్చుల ఖాతా

మా అంచనాలో ఈ కేసును నిలబెట్టింది ఇదే. పాత ప్రీమియం పోయి, టర్మ్ ప్రీమియం 10,600 చేరాక ఎరుపు ఖర్చులు 75,600, నెలకు సరిగ్గా 6,300. జీతం పడ్డ మర్నాడే ఆ మొత్తం వేరే బ్యాంకులోని ఖాతాకు దానంతటదే వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్. డెబిట్ కార్డు ఇంట్లో బీరువాలో. ఆ ఖాతాకు యూపీఐ కలపలేదు. చేతిలో ఫోనుంటే డబ్బు ఆగదు.

ఖాతా సున్నాతో మొదలైనా తట్టుకుంటుందా అని నెలనెలా వేసి చూశాం:

ఆగస్టు నుంచి నవంబరు: 25,200 జమ, ఫీజు 22,000, మిగులు 3,200.
జనవరి: మరో 12,600 జమ, సంక్రాంతి 15,000, మిగులు 800.
ఫిబ్రవరి: 6,300 జమ, బండి 6,000, మిగులు 1,100.
జూన్: 25,200 జమ, ఫీజు 22,000, మిగులు 4,300.
జూలై: 6,300 జమ, టర్మ్ ప్రీమియం 10,600, మిగులు సున్నా.

జనవరిలో 800కు దిగుతోంది, అంచనా కాస్త తప్పినా తెగిపోతుంది. పైన చెప్పిన 10,000 అందుకే, లెక్క తప్పితే దెబ్బ తగలకుండా వేసిన దిండు అది. నెలకు సగటు వేసుకుని ఊరుకుంటే ఈ జనవరి లోయ కనపడదు. సగటు సరిపోయినా వరస సరిపోకపోవచ్చు.

ఇప్పుడు నెల లెక్క: 51,900, 6,300 కలిపి 58,200. జీతం 58,000. ఇంకా 200 లోటే! ఇంటి ఖర్చులో ఫుడ్ యాప్‌ల మీద నెలకు 2,900 పోతున్నట్టు స్టేట్‌మెంటులో ఉంది. అందులో వెయ్యి తగ్గించుకుంటామని భార్యాభర్తలిద్దరూ ఒప్పుకున్నారు. మిగులు 800. సిప్ 500.

ఔను, 9,000 నుంచి 500కు. సున్నా పెట్టొచ్చు, కానీ 500 పెట్టడానికి కారణముంది. తేదీ 3కు మార్చాం, ఆ తేదీన డెబిట్ సాఫీగా వెళ్తోందో లేదో తెలుస్తుంది. ఎన్ఏవీ పైకీ కిందికీ ఆడటం ఆయన తక్కువ డబ్బుతో చూస్తారు. చీటీ డిసెంబరులో అయిపోతుంది, అప్పుడు మొత్తం పెంచడమే, కొత్తగా మొదలుపెట్టే పని ఉండదు.

మధ్యలో వచ్చిన ఒత్తిడి

అక్టోబరులో ఒక సాయంత్రం ఫోన్: “500తో ఏమవుతుంది సార్? మా ఆఫీసులో ఒకాయన ఆప్షన్స్‌లో వారానికి మూడు వేలు తీస్తున్నాడు.” ఆప్షన్స్ అంటే షేర్ల ధరలు ఎటు పోతాయో ఊహించి, గడువు పెట్టుకుని చేసే ఒప్పందాలు. బోనస్ 40,000 పడిన వారం అది. ఈ సమయమే ప్రమాదం: అప్పు తీరింది, చేతిలో డబ్బుంది, సిప్ చూస్తే చిన్నది.

ఉపన్యాసం ఇవ్వలేదు. సెబీ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన అధ్యయనం ముందుంచాం: 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన కోటికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు, ఖర్చులతో కలిపి ఒక్కొక్కరి సగటు నష్టం సుమారు 2 లక్షలు. ఆ ఆఫీసు ఆయన్ని ఏడాది మొత్తం లాభనష్టాల స్టేట్‌మెంటు చూపించమని అడగమన్నాం, వారానిది కాదు. చూపించలేదట. బోనస్ మొత్తం లిక్విడ్ ఫండ్‌కు వెళ్లింది.

ఇండెక్స్ ఫండ్ గురించి భయపెట్టే మాట కూడా అప్పుడే చెప్పాం, సిప్ పెంచకముందు. నిఫ్టీ 2008 జనవరిలో 6,280 ప్రాంతం నుంచి అక్టోబరుకు 2,520 ప్రాంతానికి పడింది, దాదాపు 60 శాతం. మళ్లీ పాత స్థాయిని తాకింది 2010 నవంబరులో. 2020లో జనవరి నుంచి మార్చి 23కి 38 శాతం పడింది. “మీ లక్ష రూపాయలు నలభై వేలకు దిగితే ఆ నెల వాయిదా ఆపుతారా?” అని అడిగి, సమాధానం ఆయన చేతే ఒక కాగితం మీద రాయించి ఫైలులో పెట్టాం. అది పనిచేస్తుందో లేదో అలాంటి పతనం వస్తేనే తెలుస్తుంది.

2026 మార్చి చివరికి

ఆగస్టు నుంచి ఎనిమిది నెలల్లో ఒక్క బౌన్సూ లేదు. కార్డు బాకీ సున్నా. నవంబరు ఫీజు, సంక్రాంతి, బండి ఖర్చు మూడూ ఆ ఖాతాలోంచే వెళ్లాయి. అందులో మిగిలింది 17,400: లెక్క ప్రకారం ఉండాల్సిన 7,400, దిండు 10,000. లిక్విడ్ ఫండ్‌లో పెట్టింది 1,13,800, తప్పనిసరి ఖర్చులకు రెండున్నర నెలలకు కాస్త తక్కువ. జనవరి నుంచి సిప్ 5,000. ఇండెక్స్ ఫండ్‌లో పెట్టింది మొత్తం 17,500 మాత్రమే.

పాఠాలు, మిగిలిన పనులు

మా ఫారం మారింది. ‘నెల ఖర్చులు’ గడి తీసేసి, పన్నెండు నెలల స్టేట్‌మెంట్లు వచ్చేదాకా ఎవరికీ సిప్ మొత్తం చెప్పడం లేదు. అప్పుల ప్రశ్న ‘అప్పులున్నాయా’ అని కాకుండా ‘గత నెల కార్డు బిల్లు ఎంత, అందులో ఎంత కట్టారు’ అని అడుగుతున్నాం. ఆ రెండు అంకెలూ సమానం కాకపోతే మిగతా సంభాషణ దారే వేరు. ప్రీమియం తేదీ ఖర్చుల్లో రాస్తున్నాం, ఆస్తుల్లో కాదు. కొత్తవాళ్లకు ఒకే సిప్, ఒకే డెబిట్. ఆరు ఫండ్ల వల్ల రిస్కు ఎంత పంచబడిందో గానీ బౌన్స్ ఛార్జీ మాత్రం ఆరింతలైంది.

ఇంకో సంగతి, ఇది కొందరు తోటి సలహాదారులకు నచ్చకపోవచ్చు. మదుపు సలహాకు వచ్చిన మనిషికి ఐదు నెలలు 500 మించి పెట్టొద్దని చెప్పడం కష్టం. తీసుకున్న ఫీజుకు ఏదో చేసి చూపించాలనే తొందర మనకూ ఉంటుంది. మార్చిలో పెట్టించిన 6,000 సిప్‌లో ఆ తొందర పాలు ఎంతో కొంత ఉంది.

తేలనివి కొన్ని ఉన్నాయి. అమ్మానాన్నలకు ఆరోగ్య బీమా లేదు, నాన్నకు షుగరు, వచ్చిన కోట్లు ఈ జీతానికి అందడం లేదు. ప్రస్తుతానికి లిక్విడ్ ఫండే దానికి ఆసరా, అది చాలదు. లోన్ 2027 జనవరిలో తీరుతుంది. ఖాళీ అయ్యే 10,400లో మొదటి వాటా ఈ బీమాకే అని రాసుకున్నాం.

గత వారం ఆయన మళ్లీ ఫోన్ చేశారు. పోయిన మార్చిలో అడిగింది ఏ ఫండ్ అని. ఈ మార్చిలో అడిగింది: “స్కూలు వాళ్లు విడతకు 22 నుంచి 24 వేలు చేశారు, ఆ ఖాతాలో నెలకు ఎంత పెంచాలి?” రెండు విడతలకు 4,000, నెలకు 333. ఏప్రిల్ నుంచి 6,300ని 6,650 చేశాం. సిప్ జోలికి పోలేదు.